రోజంతా న్యూస్ నడిచే ఇంట్లో ఓఎల్‌ఈడీ పెట్టొచ్చా?

నిదానం (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా వాడుతున్న మా టీవీ పోయిన వారం ఉన్నట్టుండి ఆగిపోయింది. మాట వస్తోంది, బొమ్మ రావడం లేదు. కొత్తది తీసుకుందామని చూస్తుంటే పేర్లే అర్థం కావడం లేదు. ఎల్‌ఈడీ, క్యూఎల్‌ఈడీ, ఓఎల్‌ఈడీ, మినీ ఎల్‌ఈడీ... ఒక్క అక్షరం మారితే అంత తేడా ఎందుకు వస్తోందో చెప్పేవాళ్లు లేరు.

మా ఇంటి సంగతి చెప్తాను. నాన్న రిటైరయ్యారు. పొద్దున్నే న్యూస్ చానల్ పెడితే మధ్యాహ్నం నిద్రపోయినప్పుడు కూడా అది నడుస్తూనే ఉంటుంది. తమ్ముడు సాయంత్రాలు గేమ్స్ ఆడతాడు. అందరూ పడుకున్నాక లైట్లన్నీ ఆపేసి సినిమా చూడటం నా అలవాటు. హాల్లో టీవీకి సరిగ్గా ఎదురుగా పడమర కిటికీ ఉంది. సాయంత్రం నాలుగయ్యేసరికి తెర మీద ఎండ తప్ప ఏమీ కనిపించదు. నాన్న లేచి వెళ్లి పరదా లాగి వచ్చి కూర్చుంటారు, రోజూ. అమ్మది పక్కగా ఉన్న కుర్చీ, టీవీని బాగా ఏటవాలుగా చూస్తుంది. సోఫా నుంచి టీవీకి రెండున్నర మీటర్లు. 55 అంగుళాలది అనుకుంటున్నాం.

నా మనసు ఓఎల్‌ఈడీ మీదే ఉంది. కానీ కదలని చానల్ లోగో గంటలకొద్దీ నిలిస్తే తెరలో దాని మచ్చ పడిపోతుందంటున్నారు, నాన్న న్యూస్ గుర్తొస్తే టెన్షన్‌గా ఉంది.

---

టార్చ్‌లైట్

నిదానం గారూ, కొత్తదాని సంగతి తర్వాత. ముందు ఒక పని చేయండి. రాత్రి గదిలో లైట్లు ఆపి, పాత టీవీ ఆన్ చేసి, ఫోన్ టార్చ్‌ని తెరకు దగ్గరగా కొంచెం వంచి పట్టుకుని చూడండి. టార్చ్ పడినచోట మసగ్గా బొమ్మ కదులుతూ కనిపిస్తే మీ ప్యానెల్ బాగానే ఉన్నట్టు. పోయింది వెనక ఉండే బ్యాక్‌లైట్ అని అర్థం. ఎల్‌ఈడీ స్ట్రిప్‌లో దీపాలన్నీ వరసగా ఒకే తీగ మీద ఉంటాయి, ఒక్కటి కాలిపోతే చాలు, మొత్తం ఆరిపోతుంది. ఆ స్ట్రిప్‌లు మార్చుకోవచ్చు.

ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. "బొమ్మ పోయింది, మాట వస్తోంది" అని మా దగ్గరికి వచ్చేవాటిలో చాలావరకు ఇదే. టార్చ్ వేసి చూడకుండానే పారేస్తారు, అది చూస్తే నాకు బాధేస్తుంది.

ఇక పేర్ల సంగతి. మనం ఎల్‌ఈడీ టీవీ అని పిలిచేది నిజానికి ఎల్‌సీడీ టీవీయే. వెనక దీపాలు, ముందు ద్రవ స్ఫటికాల పొర. ఆ పొర తనంతట తాను వెలగదు, వెనక నుంచి వచ్చే వెలుతురుని ఎక్కడ ఎంత వదలాలో చూసుకుంటుంది. ఒకప్పుడు వెనక సన్నటి ట్యూబ్‌లైట్లు ఉండేవి, వాటి స్థానంలో ఎల్‌ఈడీలు వచ్చాయి కాబట్టి పేరు మార్చి అమ్మారు. క్యూఎల్‌ఈడీ కూడా ఎల్‌సీడీయే. నీలం ఎల్‌ఈడీల ముందు క్వాంటమ్ డాట్ల పొర ఒకటి పెడతారు. డాట్ ఎంత చిన్నదన్నదాన్ని బట్టి ఆ నీలాన్ని మింగి ఆకుపచ్చగానో ఎర్రగానో వెలుగుతుంది. రంగులు శుభ్రంగా వస్తాయి. ఈ డాట్లను కనిపెట్టి, తయారుచేసే పద్ధతిని దారిలో పెట్టినందుకే 2023లో ముగ్గురికి రసాయనశాస్త్రం నోబెల్ ఇచ్చారు. మినీ ఎల్‌ఈడీ అంటే ఆ వెనక దీపాలనే చాలా చిన్నవిగా చేసి, వేల సంఖ్యలో పరిచి, గుంపులు గుంపులుగా వెలిగించడం, ఆర్పడం.

వీటన్నిటిలో కుటుంబం వేరైనది ఓఎల్‌ఈడీ ఒక్కటే. అందులో వెనక దీపమే లేదు. ప్రతి చుక్కా తనే వెలుగుతుంది, తనే ఆరిపోతుంది.

---

చీకటిగది

టార్చ్‌లైట్ అన్న చివర చెప్పిన ముక్క మీదే నేను పట్టుపడతాను. "తనే ఆరిపోతుంది." ఓఎల్‌ఈడీ గురించి చెప్పాల్సిందంతా అందులోనే ఉంది.

నిదానం గారూ, మీరు రాత్రి లైట్లు ఆపి సినిమా చూస్తారని రాశారు. చీకట్లో ఒక మనిషి కొవ్వొత్తి పట్టుకుని నడుస్తున్న సీన్ ఊహించుకోండి. మామూలు ఎల్‌సీడీలో నలుపు అంటే బూడిదరంగు. వెనక దీపం వెలుగుతూనే ఉంటుంది కాబట్టి ఎంత మూసినా కొంత కారుతుంది. తెర చుట్టూ ఉన్న ఫ్రేము తెరకన్నా నల్లగా కనిపిస్తుంది. ఓఎల్‌ఈడీలో ఫ్రేము ఎక్కడ ముగిసి చీకటి ఎక్కడ మొదలైందో తెలియదు. కొవ్వొత్తి ఒక్కటే గాల్లో ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నేను లేచి వెళ్లి తెర అంచు వేలితో తడిమి చూశాను.

అమ్మగారి కుర్చీకి కూడా మంచిదే. పక్క నుంచి చూసినా రంగు వెలవెలబోదు.

ఇదేమీ నిన్న మొన్న పుట్టిన వస్తువు కాదు. కొడాక్‌లో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ 1987లోనే దీని దారి చూపించారు. సోనీ 2007లో మొదటి ఓఎల్‌ఈడీ టీవీ అమ్మింది, 11 అంగుళాలే. 2013లో 55 అంగుళాలవి వచ్చాయి. ఇన్నేళ్లలో బాగా రాటుదేలింది. బర్న్ ఇన్, అంటే కదలని బొమ్మ తెరలో మచ్చగా నిలిచిపోతుందన్న భయం, అప్పటి మాట.

---

పాతప్లాస్మా

"అప్పటి మాట" అని అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. నా దగ్గర ప్లాస్మా అనే పాత రకం టీవీ ఉండేది. ఆ బొమ్మ ఇప్పటికీ మరిచిపోలేను, కదలికలో ఆ నునుపు ఆ రోజుల్లో ఏ ఎల్‌సీడీలోనూ చూడలేదు. అయితే మా ఇంట్లోనూ ఒకే చానల్ నడిచేది. మూడో ఏడు వచ్చేసరికి కుడిపక్క పైన ఆ చానల్ లోగో తెరలో అచ్చుపడిపోయింది. సినిమాలో ఆకాశం కనిపించినప్పుడల్లా ఆ మూల నీడలాగా లోగో. ఇంట్లో మిగతావాళ్లకి పట్టేది కాదు. నాకు మాత్రం ఒకసారి కనిపించాక ఇక అదే కనిపించేది, కథ మీద దృష్టి నిలిచేది కాదు.

బొమ్మ అంత బాగున్నా ప్లాస్మా నిలబడలేదు. బరువు, వేడి, కరెంటు, పైగా వెలుతురు గదిలో వెలవెలబోవడం. పానసోనిక్ 2013 చివర తయారీ ఆపేసింది, మిగతావాళ్లు మరుసటి ఏడు మానుకున్నారు. మంచి బొమ్మ ఒక్కటే చాలదు, ఆ గదిలో అది బతకాలి. మీ పడమర కిటికీ సంగతి చదవగానే నాకు ఇదే గుర్తొచ్చింది.

---

చీకటిగది

మీ అనుభవాన్ని కాదనను. ప్లాస్మా వేరు, ఇప్పటి ఓఎల్‌ఈడీ వేరు. ఇప్పుడు లోగో ఉన్నచోటు కనిపెట్టి అక్కడ మాత్రం వెలుతురు తగ్గిస్తుంది. బొమ్మని అప్పుడప్పుడూ కొన్ని పిక్సెళ్లు (తెర మీది చుక్కలు) అటూ ఇటూ జరుపుతుంది. ఆఫ్ చేశాక తనంతట తనే సరిదిద్దుకుంటుంది.

---

టార్చ్‌లైట్

ఆ చివరి మాట దగ్గర అందరూ ఒక్క నిమిషం ఆగండి.

ఓఎల్‌ఈడీ ఆఫ్ చేశాక స్టాండ్‌బైలో ఉండగా ప్యానెల్‌లో ఏ చుక్క ఎంత అరిగిందో కొలిచి, దానికి తగ్గట్టు కరెంటు సర్దుకుంటుంది. చాలా సెట్లలో మొత్తం మీద నాలుగు గంటలు వాడిన తర్వాత ఆఫ్ చేసినప్పుడల్లా కొన్ని నిమిషాలు ఈ పని జరుగుతుంది. అయితే అది జరగాలంటే కరెంటు ఉండాలి. రాత్రి రిమోట్‌తో ఆపి, వెంటనే గోడ స్విచ్ కూడా ఆపేసే ఇళ్లు నేను చాలా చూశాను. కరెంటు మిగిలిందని సంతోషిస్తారు, తెర మాత్రం ఏళ్ల తరబడి ఒక్కసారి కూడా సర్దుకోదు. మచ్చలు పడ్డ ఒక సెట్ నా దగ్గరికి వస్తే గంటసేపు అడిగి అడిగి చివరికి తేల్చింది ఇదే. ఆ ఇంటి పెద్దాయన పడుకునేముందు ఇల్లంతా తిరిగి స్విచ్‌లన్నీ ఆపేవారట.

మీ నాన్నగారికీ ఆ అలవాటు ఉందా? ఉంటే ఓఎల్‌ఈడీ కొనేముందే ఆ స్విచ్ సంగతి మాట్లాడుకోండి.

---

లెక్కలమనిషి

బర్న్ ఇన్ మీద ఊహాగానాలు వద్దు, కొలిచి చూసినవాళ్లు ఉన్నారు. ఆర్టింగ్స్ అనే సమీక్షా సంస్థ 2018లో ఒకే మోడల్ ఓఎల్‌ఈడీలు ఆరు కొని, రోజుకు 20 గంటలు నడిపింది. వేరువేరు టీవీల్లో వేరువేరు కార్యక్రమాలు. కిందా పైనా కదలని పట్టీలుండే న్యూస్ చానల్‌ని పూర్తి వెలుతురులో నడిపిన సెట్ మీద మచ్చ స్పష్టంగా పడింది. రకరకాల బొమ్మలు మారుతూ ఉండే సెట్లు చాలా నయం. కాబట్టి ప్రశ్న "ఓఎల్‌ఈడీ మంచిదా చెడ్డదా" అని కాదు. మీ తెర మీద ఒకేచోట ఒకే బొమ్మ మొత్తం ఎన్ని గంటలు నిలుస్తుంది, ఎంత వెలుతురులో, అదీ లెక్క. ఈ అరుగుదల కూడబెట్టుకుంటూ పోతుంది. మధ్యలో గంటసేపు వేరే చానల్ పెడితే పాతది చెరిగిపోదు.

అదే సంస్థ తర్వాత వంద టీవీలతో మళ్లీ పెట్టిన పరీక్షలో ఎల్‌సీడీలకూ వాటి జబ్బులు బయటపడ్డాయి. అంచుల్లో మాత్రమే దీపాలుండే సన్నటి సెట్లలో ఆ వేడికి లోపలి పలకలు చెడిపోయి వెలుతురు ఎగుడుదిగుడైంది. అందుకే ఎల్‌సీడీ తీసుకుంటే దీపాలు తెర వెనకంతా పరిచినదే తీసుకోండి. సన్నగా ఉందని అంచు దీపాలది వద్దు.

ఇప్పుడు మినీ ఎల్‌ఈడీ లెక్క. 4కె తెరలో దాదాపు 83 లక్షల పిక్సెళ్లు. ఓఎల్‌ఈడీలో ప్రతి పిక్సెల్‌కీ వెలుతురు దానిదే. మినీ ఎల్‌ఈడీలో వెయ్యి జోన్లు, అంటే విడిగా వెలిగించి ఆర్పే దీపాల గుంపులు, ఉన్నాయనుకుందాం, ఒక్కో జోన్ కింద 8,300 పిక్సెళ్లు. 55 అంగుళాల తెర మీద అది సుమారు మూడు సెంటీమీటర్ల చదరం. వంద జోన్లే ఉంటే ఒక్కో చదరం తొమ్మిది సెంటీమీటర్లు, అంటే దాదాపు మీ అరచెయ్యంత. నల్లటి తెర మీద తెల్లటి సబ్‌టైటిల్ వచ్చినప్పుడు ఆ అక్షరం ఉన్న చదరమంతా వెనక వెలగాలి. అక్షరాల చుట్టూ పొగలా కనిపించేది అదే, బ్లూమింగ్ అంటారు. "మినీ ఎల్‌ఈడీ" అని అట్ట మీద ఉంటే సరిపోదు, జోన్లు ఎన్నో తెలుసుకోండి.

ఇంకొకటి. మామూలు చూపున్న మనిషికి 55 అంగుళాల తెర మీద 2.2 మీటర్లు దాటితే ఫుల్ హెచ్‌డీకీ 4కెకీ తేడా పట్టుకోవడం కష్టం. మీరు రెండున్నర మీటర్ల దూరంలో ఉన్నారు. గోడ మీద చోటుంటే 65 చూడండి.

---

రెండోకంట్రోలర్

తమ్ముడి తరఫున నేను మాట్లాడతాను. ఓఎల్‌ఈడీలో చుక్క రంగు మారడానికి ఒక మిల్లీసెకను కూడా పట్టదు, ఎల్‌సీడీలో చాలా మిల్లీసెకన్లు పడుతుంది. వేగంగా తిరిగేటప్పుడు వెనక తోకలాగా చెరిగిన బొమ్మ ఓఎల్‌ఈడీలో ఉండదు. ఇది చేతికి తెలుస్తుంది.

అయితే ఇదే వేగం సినిమాల్లో కొంతమందికి ఇబ్బంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో ఫ్రేము దాదాపు 42 మిల్లీసెకన్లు కదలకుండా నిలిచి, టక్కున తర్వాతది వస్తుంది. ఎల్‌సీడీ మెల్లగా మారడం వల్ల ఆ కుదుపు కాస్త కప్పబడుతుంది. ఓఎల్‌ఈడీలో కెమెరా పక్కకి తిరిగే షాట్లలో బొమ్మ గెంతినట్టు ఉంటుంది. నిదానం గారు కొనేముందు అలాంటి షాట్ ఒకటి చూసుకోవాలి.

గేమ్స్‌లోనూ కదలనివి ఉంటాయి. ప్రాణాల పట్టీ, మూలన మ్యాపు. ఒకే ఆట నెలల తరబడి ఆడేవాడైతే అదీ న్యూస్ లోగో లాంటిదే. టీవీ ఏదైనా సరే, గేమ్ మెషీన్‌ని కలపడానికి హెచ్‌డీఎంఐ 2.1 పోర్టు, సెకనుకు 120 సార్లు బొమ్మ మార్చగల 120 హెర్ట్జ్ ప్యానెల్ ఉండేలా చూడండి.

---

కళ్లజోడు

ఎవరూ ఎత్తని సంగతి ఒకటి. నాకు కొన్ని టీవీలు అరగంట చూస్తే తలనొప్పి. కారణం తెలియడానికి రెండేళ్లు పట్టింది. వెలుతురు తగ్గించడానికి కొన్ని ఎల్‌ఈడీ బ్యాక్‌లైట్లు దీపాన్ని చాలా వేగంగా ఆర్పుతూ వెలిగిస్తూ ఉంటాయి. అందరికీ తెలియదు, నాలాంటి కొందరి కళ్లకి పడదు.

ఇంట్లోనే చూసుకోవచ్చు. తెల్లటి బొమ్మ పెట్టి, వెలుతురు సగానికి తగ్గించి, తెర ముందు పెన్సిల్‌ని అటూ ఇటూ వేగంగా ఊపండి. పెన్సిల్ నునుపుగా చెరిగినట్టు కనిపిస్తే మంచిది. విడివిడిగా చాలా పెన్సిళ్లు కనిపిస్తే దీపం కొట్టుకుంటున్నట్టు. కొన్ని సెట్లలో బాగా తేడా కనిపిస్తుంది. పెద్దవాళ్లు రోజంతా చూసే టీవీకి ఈ పరీక్ష చేయకుండా కొనకండి, దయచేసి.

---

నిదానం

అందరికీ చాలా థాంక్స్. టార్చ్‌లైట్ గారూ, మీరు చెప్పినట్టే చేశాం. తమ్ముడు టార్చ్ పట్టుకున్నాడు, యాంకర్ ముఖం నీళ్ల అడుగున ఉన్నట్టు మసగ్గా కనిపించింది! మాకు దగ్గర్లోని మెకానిక్‌ని పిలిపించి స్ట్రిప్‌లు మార్పించాం. టీవీ వెలిగింది. ఇప్పుడు తొందరేమీ లేదు, నిదానంగా చూసుకోవచ్చు.

లెక్కలమనిషి గారి మాట పట్టుకుని వారం రోజులు టీవీ పక్కన కాగితం పెట్టి ఎవరు ఏది ఎంతసేపు చూశారో రాశాను. మొత్తం 63 గంటలు. న్యూస్ 41. గేమ్స్ 13. నా సినిమాలు 9. ఆ 41 గంటల్లో 36 ఒకే చానల్, అడుగున ఎర్రటి పట్టీతో.

గోడ స్విచ్ ఆపేది నాన్నే. అడిగితే, "ముప్పై ఏళ్లుగా ఆపుతున్నాను, ఇప్పుడు కొత్తగా ఏమొచ్చింది?" అన్నారు.

---

చీకటిగది

63లో 36 గంటలు ఒకే చానల్ అంటే నేను కూడా మీకు ఓఎల్‌ఈడీ చెప్పలేను. ఆ 9 గంటల కోసం చెప్పాలనే ఉంది, నిజంగా. కానీ మీరు మూడేళ్ల తర్వాత ఆ ఎర్ర పట్టీ నీడలో సినిమా చూడటం నాకిష్టం లేదు.

ఇంకో మాట ఒప్పుకోవాలి. కిటికీ ఎదురుగా ఉంటే మా ఓఎల్‌ఈడీ జాతి బలహీనపడుతుంది. తెరంతా తెల్లగా ఉన్నప్పుడు ఓఎల్‌ఈడీ తన వెలుతురుని తానే తగ్గించుకుంటుంది. క్వాంటమ్ డాట్లు కలిపిన క్యూడీ ఓఎల్‌ఈడీ రకంలో, బయటి వెలుతురు తిరిగి మెరవకుండా ఆపే పోలరైజర్ పొర ముందు ఉండదు కాబట్టి, గదిలో లైటు పడితే నలుపు కాస్త ఊదా బూడిదగా తేలుతుంది. చీకట్లో మాత్రం దాని రంగులకి సాటి లేదు.

ఎల్‌సీడీ పొరల్లో విఏ, ఐపీఎస్ అని రెండు రకాలుంటాయి, మీరు మినీ ఎల్‌ఈడీ వైపు వెళ్తే విఏ ప్యానెల్ అడగండి. దాని సొంత కాంట్రాస్ట్ (తెలుపుకీ నలుపుకీ మధ్య వెలుతురు తేడా) నాలుగైదు వేలకి ఒకటి దాకా ఉంటుంది, ఐపీఎస్‌ది వెయ్యి దగ్గర ఆగిపోతుంది. సబ్‌టైటిల్ చుట్టూ పొగ తగ్గాలంటే అదే దిక్కు.

---

పాతప్లాస్మా

విఏ అంటే పక్క నుంచి వెలవెలబోతుంది కదా, అమ్మగారి కుర్చీ సంగతేమిటి?

---

లెక్కలమనిషి

కుర్చీ జరపొచ్చు. ప్యానెల్ జరపలేం. ఏటవాలు తగ్గేలా కుర్చీని సోఫా వైపు ఒక అడుగు తెచ్చినా చాలు. కొన్ని విఏ సెట్లలో పక్కచూపు కోసం అదనంగా ఒక పొర ఉంటుంది, దానివల్ల కాంట్రాస్ట్ కొంత పోతుంది. ఏది కావాలో అమ్మగారినే అక్కడ కూర్చోబెట్టి అడగండి.

అన్నట్టు, టీవీ కిటికీకి ఎదురుగానే ఉండాలా? పక్క గోడకి మారిస్తే సగం సమస్య ఉచితంగా తీరుతుంది. ఎంత వెలుతురున్న టీవీ అయినా అద్దంలాంటి తెర మీద మెరిసే ఎండని గెలవలేదు.

---

టార్చ్‌లైట్

షోరూమ్‌లో చూసేటప్పుడు బొమ్మ సెట్టింగ్ "వివిడ్"లో ఉంటుంది, అన్నీ నీలంగా మెరుస్తాయి. దాన్ని "సినిమా"కో "ఫిల్మ్‌మేకర్"కో మార్చమనండి. ముందు పసుపుగా అనిపిస్తుంది, పది నిమిషాల్లో కళ్లు సర్దుకుంటాయి. ఒక పెన్‌డ్రైవ్‌లో మామూలు బూడిదరంగు బొమ్మ తీసుకెళ్లి తెరంతా నింపి చూడండి. మధ్యలో మురికి పట్టినట్టు మచ్చలుంటే, మ్యాచ్‌లో కెమెరా పచ్చగడ్డి మీద తిరిగినప్పుడల్లా అవి కనిపిస్తాయి. ఒకే మోడల్‌లోనూ ఒక్కో పీసు ఒక్కోలా ఉంటుంది.

---

నిదానం

ఏడు వారాల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి.

65 అంగుళాల మినీ ఎల్‌ఈడీ తీసుకున్నాం. విఏ ప్యానెల్, వెయ్యికి కొంచెం పైన జోన్లు, దీపాలు వెనకంతా ఉన్నవి. పెన్సిల్ పరీక్ష చేస్తుంటే షోరూమ్ అబ్బాయి తనూ ఒక పెన్ను తీసుకుని పక్క టీవీల ముందు ఊపి చూశాడు. బూడిద బొమ్మతో మొదటి పీసు వద్దన్నాం, రెండోది తెచ్చుకున్నాం. టీవీని కిటికీ పక్క గోడకి మార్చాం. అమ్మ కుర్చీ అడుగు కాదు, రెండడుగులు జరిగింది. ఇప్పుడు ముఖాలు అసలు రంగులో ఉన్నాయంటోంది. పాత టీవీ తమ్ముడి గదిలోకి వెళ్లింది.

రాత్రి సినిమాల గురించి చీకటిగది గారికి ఉన్నదున్నట్టు చెప్తాను. సబ్‌టైటిల్ చుట్టూ ఆ పొగ ఉంది. నక్షత్రాల ఆకాశం వచ్చినప్పుడు చిన్న చుక్కలు కొన్ని ఆరిపోతున్నాయి. సబ్‌టైటిల్ రంగు తెలుపు నుంచి బూడిదకి మార్చాక పొగ చాలా తగ్గింది, టీవీ వెనక గోడకి చిన్న లైటు పెట్టాక ఇంకా తగ్గింది. మీరు చెప్పిన కొవ్వొత్తి మాత్రం గాల్లో ఒంటరిగా లేదు. ఆ లోటు నాకు తెలుస్తూనే ఉంది.

నాన్న స్విచ్ మామూలుగానే ఆపేస్తున్నారు, దీనికి ఫర్వాలేదు కదా. నిన్న సాయంత్రం నాలుగున్నరకి హాల్లోకి వచ్చి చూస్తే పరదా తీసే ఉంది. గదంతా ఎండ. ఆయన లేవకుండా న్యూస్ చూస్తున్నారు.